బెరడు బట్ట మీద తమ్ముడు

కదలకూడదన్నారు కాబట్టి కదలడం లేదు. మూడయింది, నాలుగింటికి ప్రదర్శనకి తలుపులు తెరుస్తారు, ఈ గంటసేపూ నేను ఆక్లండ్‌లో ఒనెహుంగా రేవు దగ్గరి ఈ పాత ఉన్ని గోదాములో, పట్టపగలే నల్లగుడ్డలు కట్టి తెచ్చుకున్న చీకట్లో, రెండు చేతులూ చాపుకుని, నేనే కుట్టిన గౌనులో నిలబడి ఉండాలి. గౌనంటే గౌనూ కాదు. నడుము దాకా అది బట్ట, అక్కణ్ణుంచి ఇల్లు. ఒక్కో చెయ్యీ తొమ్మిది గజాలు, వాటి చివర్లు అటో స్తంభానికీ ఇటో స్తంభానికీ కట్టేశారు, వీపు మీది గుడ్డ పైకి లేచి దూలాల మీంచి పోయి, మా వవావు దీవిలో ఇళ్ళ కప్పులు వంగినట్టు వంగి, వెనకెక్కడో నేలకి దిగుతుంది. తాళ్ళూ దూలాలూ ఆర్కిటెక్టు డంకన్‌వి, చెట్టు బెరడు దంచి చేసిన ఈ బట్టా కుట్టుపనీ నావి, దాని మీద ప్రొజెక్టర్‌తో వేసే బొమ్మ నా మేనకోడలు లోసేలీది. ముగ్గురం కలిసి పదమూడు నెలలు చేశాం. ఆ బొమ్మ నా తమ్ముడు ఫెలేతిది. వాడు పోయి పదకొండు వారాలయింది. బొమ్మ తిన్నగా పడుతోందా లేదా అని చూసుకోవడానికి వాళ్ళు నన్ను నిలబెట్టారు, అసలది పడొచ్చా పడకూడదా అని తేల్చడానికి నేను నిలబడ్డాను. "వెలుగే అనుకో, అయినా తమ్ముడి ఒళ్ళు అక్క ఒంటి మీద పడటమేంటమ్మా, ఎక్కడైనా ఉందా?" అంది మా పాస్టరమ్మ లావీనియా, మళ్ళీ తనే, "అయినా నువ్వు మేనత్తవి, నీ మాటకి తిరుగేముంది" అంది. చర్చి పెద్దలు కూడా అంతే అని ఊరుకున్నారు. నాలుగింటిలోగా ఔననాలి, లేదా కాదనాలి. లోసేలీ మాత్రం ఏమనుకుంటోందో అడగలేదు. అడగదు. మాలో తండ్రి అక్కచెల్లెలి ముందు పిల్లలు నోరెత్తరు, నేను వాళ్ళ పెరట్లోకెళ్ళి ఆ పంది నాది అన్నాననుకో, అది నాదే, పందికి కూడా చెప్పేదేం ఉండదు.

ముందు తెల్లటి గళ్ళు పడ్డాయి ఒంటి మీద, వల వేసినట్టు. "బాస్, ఊపిరి కాస్త తక్కువ పీల్చండి, గీతలు ఊగుతున్నాయి" అని నిచ్చెన మీంచి డంకన్ అరిచాడు. "పూర్తిగా మానెయ్యమంటావా?" అన్నాను. లోసేలీ ఆ చీకట్లో ఎక్కడో తన కంప్యూటర్ వెనక కిసుక్కుమంది, వెంటనే ఆపుకుంది. వాళ్ళ నాన్న చనిపోయాక ఆ పిల్ల నవ్వడం వినలేదు నేను, ఇప్పుడు విన్నా ఏం సంతోషం కలగలేదు, నా భుజాలు లాగేస్తున్నాయి. ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీలో రెయిన్‌కోట్లు కత్తిరించిన భుజాలివి. కత్తెర ఎలా చెబితే అలా వినేది రెయిన్‌కోటు గుడ్డ. ఇది వినదు. రెండు మడతలు ఎక్కువ పడితే పగులుతుంది, తడిస్తే చెట్టుగుజ్జయి చేతికొస్తుంది, లోపల పల్చటి నూలు గుడ్డ వేసి అంగుళం అంగుళం బుజ్జగిస్తూ కుట్టాలి. మెడ దగ్గర గంజి వాసన వేస్తోంది, పొగ వాసన కూడా. ఇది ఫెలేతి చావుకి కానుకగా వచ్చిన బట్ట. అన్నిటికంటే మంచిది, అన్నిటికంటే పొడుగైనది నా ముందు పెట్టారు, మాలో చావింట అందరికంటే పై స్థానం పోయినవాడి అక్కదే కాబట్టి. జనం దాన్ని మడిచి పెట్టెలో దాచుకుంటారు, ఇంకో చావుకో పెళ్ళికో తీస్తారు. నేను వారం తిరక్కుండా కత్తెర వేశాను. మా ఆడపడుచు చూసి, "నీ గుండె రాయే" అంది. రాయి కాదు, మరేంటో నాకూ తెలీదు, ఆ బట్ట ఇంట్లో అలా మడతల్లో ఉంటే నిద్ర పట్టేది కాదు.

గళ్ళు పోయి కాలి వేళ్ళు వచ్చాయి. నా మోకాళ్ళ దగ్గర, మా తమ్ముడి కుడికాలి వేళ్ళు, బొటనవేలికి గోరు లేదు, పడవ మీద పడి పోయింది, అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు, అప్పటికింకా నేను వాడి కాలు పట్టుకుని ఉప్పునీళ్ళు పోసి కడిగేదాన్ని, వాడు ఊరంతా వినబడేట్టు ఏడ్చేవాడు. ఆ తర్వాత ఏడాదిన్నరకి ఒక సాయంత్రం నాన్న చాప చుట్టి వాడి చేతికిచ్చి, "ఇవాళ్టి నుంచి మగపిల్లల గుడిసెలో పడుకో" అన్నాడు. నాకు పన్నెండు దాటాయి. అంతే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కారణం చెప్పలేదు, కారణం అందరికీ తెలుసు, అక్కాతమ్ముళ్ళు పెద్దవాళ్ళయ్యాక ఒక గదిలో ఉండరు. నేనుంటే వాడు రాడు, వాడొస్తే నేను లేచిపోతాను, అది మర్యాద, అది ప్రేమ కూడానని మా అమ్మ అనేది, అప్పుడు నమ్మాను. వాడు తలగడ మర్చిపోయి మళ్ళీ వచ్చాడు. లోపలికి రాలేక కొబ్బరాకుల తడక అవతల నిలబడి, గోడకి చెబుతున్నట్టు, "ఎవరైనా వింటున్నారేమో గానీ, తలగడ లోపలుండిపోయింది" అన్నాడు. నేను పిల్లితో, "పిల్లీ, ఎవరికో చెప్పు, తలగడ గడప మీద పెడుతున్నాను" అన్నాను. అప్పటినుంచీ అదే మా భాష. రేపు చేపలకి పోతున్నానన్నా, లెక్కల్లో తప్పానన్నా, ఆక్లండ్ పోతున్నానన్నా, గోడకి చెప్పడమే. పెళ్ళయ్యాక మా ఆయన పిల్లి అయ్యాడు పాపం. ఫెలేతి మా వాకిట్లో నిలబడి, "బావా, మీ ఇంట్లో వాళ్ళకి మోకాలి నొప్పి తగ్గిందా?" అనేవాడు, వంటింట్లోంచి నేను, "ఏవండీ, తగ్గిందని చెప్పండి, చామాకు పొట్లాలు కట్టాను, పట్టుకెళ్ళమనండి" అనేదాన్ని. మా ఆయన రెండువైపులా తల తిప్పుతూ, "నాకు మెడనొప్పి వస్తోంది, అదెవరూ అడగరు" అనేవాడు.

ఇప్పుడు చేతులు. వాడి అరచేతులు నా అరచేతుల మీదకి జారాయి, ఒక వేలెడు పక్కకి పడ్డాయి, డంకన్ ఏదో మర తిప్పాడు, సరిగ్గా వచ్చి కూర్చున్నాయి. విమానాశ్రయంలో ముప్ఫై ఏళ్ళు జనం పెట్టెలు ఎత్తిన చేతులు. వెలుగుకి బరువుండదు, అయినా నా వేళ్ళు మూసుకోబోయాయి. మూయకూడదు, బట్ట ముడతలు పడుతుంది. మా ఊళ్ళో శుక్రవారాలు చర్చి హాల్లో సినిమా వేసేవాళ్ళు, తెర అంటే పరుపు మీది దుప్పటే, దానికి చిరుగులు కూడా ఉండేవి. ఫెలేతికి సినిమా అంటే ప్రాణం. కానీ ముందు గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూసుకునేవాడు, నా చెప్పులుంటే వెనక్కి తిరిగేవాడు. ఇది తెలిసి నేను మానేశాను, వాడైనా చూస్తాడని. నేను ఎలాగూ వెళతాననుకుని వాడూ మానేశాడు, నేనైనా చూస్తానని. రెండేళ్ళు ఇద్దరం ఇద్దరి కోసం సినిమా మానేసి చెరో చోట కూర్చున్నాం. ఇది బయటపడ్డ రోజు వాడు తడక అవతల ఎంత నవ్వాడో, గోడంతా ఊగింది. ఈ పని మొదలెట్టినప్పుడు బొమ్మ మా అమ్మమ్మ ఇంటిది అనుకున్నాం, ఫెలేతి ఊసే లేదు. వాడే, జబ్బు ముదిరాక, కూతుర్ని పిలిచి నన్ను తియ్యి అన్నాడట. ఎందుకు నాన్నా అంటే, "మీ అత్త కుట్టిన బట్ట మీద నేను పడితే ఇద్దరం ఒక గదిలో ఉన్నట్టే కదే, వెలుగుకి మర్యాద అక్కర్లేదు, ఏ పాస్టరూ తప్పుపట్టలేడు" అన్నాడట. పోయిన నెల ఫోన్లో లోసేలీ చెప్పింది నాకిది. చెప్పి ఏడ్చింది. నేను సరే చూద్దాం అన్నాను. సరే అన్లేదు, సరే చూద్దాం అన్నాను.

మొహం ఇంకా రాలేదు. మెడ వచ్చింది, మెడ కింద గొట్టం పెట్టిన చోట ప్లాస్టరు వచ్చింది, సరిగ్గా నా గుండె మీద. నాకు చూడాలనీ ఉంది, కళ్ళు మూసుకోవాలనీ ఉంది. మాలో తమ్ముడి ఒళ్ళు అక్క చూడదు. ఆసుపత్రిలో నేను చూడలేదు, వారానికి మూడు రోజులు వాడి రక్తం మిషనులో కడుగుతుంటే బయట నడవాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని, వాడి మంచానికీ నా కుర్చీకీ మధ్య చెక్క గోడ, వాడు దాని అవతల నుంచి, "ఎవరైనా వింటున్నారేమో గానీ, ఇక్కడి జావ కంటే కుక్కకి పెట్టేది నయం" అనేవాడు. నర్సొచ్చి మీరెవరంటే అక్కనన్నాను, లోపలికెళ్ళండి అంది, వెళ్ళకూడదన్నాను, ఆస్తి గొడవలనుకుంది కాబోలు జాలిగా చూసింది. ఎంత మంచి అక్క, చివరిదాకా వెళ్ళి కూర్చుంది అని అందరూ అంటారు, సమాధి దగ్గర ప్రార్థనలో పాస్టరమ్మ కూడా అంది, దేవుడితో అంది ఆ మాట. ఇంకేదైనా ఆలోచిస్తాను. బయట వాన పడుతోంది. ఈ గోదాము రేకులకి ఎక్కడో చిల్లుంది, చుక్క పడుతున్న చప్పుడు, బట్ట మీద పడకపోతే చాలు. చావు రోజు కూడా వానే. ఆ రోజు నన్ను తీసుకెళ్ళి వాడి తల దగ్గర కూర్చోబెట్టారు, అక్క స్థానం అదే కాబట్టి. బతికుండగా గుమ్మం దాటకూడనిదాన్ని, పోయాక మొహం మీద మొహం పెట్టి రెండు రోజులు కూర్చున్నాను. వాడి కనుబొమలు తెల్లబడ్డాయని అప్పుడు తెలిసింది నాకు. యాభై ఏళ్ళ వయసు వాడిదంతా నాకు ఒక్కసారే తెలిసింది, అదీ చల్లగా.

"మొహం ఇస్తున్నాను అత్తయ్యా" అంది లోసేలీ. వచ్చింది. ముందు నా మెడ కింద గడ్డం, తర్వాత పైన, నా తల వెనక లేచిన గుడ్డ మీద, కప్పంత మొహం. కదలకూడదు కాబట్టి తల ఎత్తి చూడలేను. కానీ డంకన్ ఎదర అద్దం పెట్టాడు, సరి చూసుకోమని, అందులో కనిపిస్తున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, ఇవి గుమ్మాలంత ఉన్నాయి. కనురెప్ప వేసినప్పుడల్లా నా వీపు వెనక బట్ట మూసి తెరిచినట్టయింది. బాగుంది. ఈ మాట చెప్పుకోవాలి, చాలా బాగుంది. నేనిల్లు, వాడు ఆ ఇంట్లో మనిషి. నాలో ఏదో వదులయింది, ఔననేద్దామనిపించింది, పాస్టరమ్మ ఏమైనా అనుకోనీ, ఇది వాడు అడిగింది, ఈ ఒక్కటీ వాడు అడిగింది. నోరు తెరవబోయాను కూడా. అంతలో అద్దంలో ఓ మూల సన్నటి అంకెలు కనిపించాయి, కెమెరా తనంతట తను వేసుకునే తేదీ. మార్చి పద్నాలుగు. "ఆ అంకెలు తీసేస్తాలెండి, ఇది మచ్చుకే" అంది లోసేలీ. "ఇప్పుడు మాట పెడుతున్నాను, ఇది మీరు విని చెప్పాలి అత్తయ్యా."

మార్చి పద్నాలుగున నేను ఆసుపత్రిలో లేను. డంకన్ ఆఫీసులో తెల్ల నూలు గుడ్డతో ఈ చేతులు కొలత చూసుకుంటున్నాను. ఆ ఒక్క రోజే కూడా కాదు. మార్చి మొదటి వారం నుంచీ మానేశాను. నడుం నొప్పని లోసేలీకి చెప్పాను, పని తొందరని మా ఆయనకి చెప్పాను, మిగతావాళ్ళు అడగలేదు, ఎప్పటిలాగే వెళుతున్నాననే అనుకున్నారు, అనుకోనిచ్చాను. నిజం ఏంటంటే విసుగొచ్చింది. ఐదు నెలలు గోడకేసి చూస్తూ కూర్చుంటే మనిషి మీద కాదు, గోడ మీదే విసుగొచ్చింది, లోపలికెళ్ళే ధైర్యం లేదు, బయట కూర్చునే ఓపిక లేదు, మర్యాద అన్న మాట అడ్డం పెట్టుకుని ఇంటికి పోయాను.

స్పీకరు పెట్టెల్లోంచి ఆసుపత్రి చప్పుడు వచ్చింది, మిషను గిర్రుమనడం, ఎవరి చెప్పులో. తర్వాత నడవాలోంచి దగ్గు. ఆడమనిషి దగ్గు. బట్ట మీద ఫెలేతి అటు తల తిప్పాడు, ఆ మొహం విప్పారింది, నిజంగానే విప్పారింది, అద్దంలో చూశాను.

"బయట మీ అత్తేనా?"

తర్వాత లోసేలీ గొంతు, కెమెరా వెనక నుంచి. "అవును నాన్నా. అత్తయ్యే."

"దగ్గుతోందే."

"ఊఁ."

"పిలవకు. సిగ్గుపడి చస్తుంది పిచ్చిది. ఇదిగో, ఈ దుప్పటి ఇచ్చిరా."

"మరి నీకో?"

"నా మనిషి బయట కూర్చుంటే నాకు చలేంటే? ఇచ్చిరా పో."

బొమ్మ కాస్త ఊగింది, ఆ పిల్ల కెమెరా పక్కన పెట్టి దుప్పటి తీసుకెళ్ళింది కాబోలు. పల్చటి ఆసుపత్రి చొక్కాలో ఫెలేతి ఒక్కడే మిగిలాడు. ఎముకలు. చెక్క గోడ వైపు కష్టం మీద జరిగి, చెంప దానికి ఆనించి, "ఎవరైనా వింటున్నారేమో గానీ, నేను బానే ఉన్నాను" అన్నాడు. చెప్పి ఎదురుచూశాడు. నా గుండె మీద, నా భుజాల మీద, తొమ్మిది గజాల రెండు చేతుల మీద వాడు ఎదురుచూశాడు. నడవాలో ఎవరూ ఏమీ అన్లేదు. ఎవరంటారు? చివరికి, "నిద్రపోయినట్టుంది" అనుకుని నవ్వుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

బొమ్మ అక్కడ ఆగింది. డంకన్ నిచ్చెన మీద ముక్కు చీదుకున్నాడు. "ఇది విన్నాక జనం లేవలేరు బాస్" అన్నాడు.

"దుప్పటి ఎవరికిచ్చావు?" అన్నాను.

"ఆ కూర్చున్నావిడకి" అంది లోసేలీ నెమ్మదిగా. "ఎవరో తెలీదు. వాళ్ళాయనది పక్క మంచం. ఆవిడకి నిజంగానే చలేస్తోంది అత్తయ్యా." కుర్చీ జరిపిన చప్పుడయింది. "నాన్న మాత్రం మీరే అనుకున్నాడు. అలాగే నిద్రపోయాడు. అందుకే ఇది ఉంచాను."

తప్పు పట్టే గొంతు కాదది. ఆ పిల్ల నాకు కానుక ఇస్తోంది. వాళ్ళ నాన్నకి అబద్ధం చెప్పి నన్ను మంచి అక్కని చేసింది, ఇప్పుడు ఊరందరి ముందూ చేస్తానంటోంది. ఇంకాసేపట్లో వాళ్ళంతా మా మర్యాద ప్రకారం నడుములకి చాపలు చుట్టుకుని వచ్చి ఇక్కడ నిలబడతారు, వింటారు, పాస్టరమ్మ బోరుమంటుంది, చూశారా గోడవతల ఎలా కూర్చుందో అంటారు, నేను ఈ బట్టలో చేతులు చాపుకుని ఆ మాటలు పడాలి, రోజూ, ప్రదర్శన సాగే ఆరు వారాలూ. ఆ మాట ఒక్కటీ తీసేసి మొహం ఉంచమనొచ్చు. కానీ ఎందుకు తీశావంటే? మొహం చూసినప్పుడల్లా వాడు దేనికి ఎదురుచూస్తున్నాడో నాకు తెలుసు కదా. నాకు ఒళ్ళంతా మండింది. సిగ్గుతో మండింది, ఇంకే పేరూ పెట్టను. ఆ మంటలో చేతికి దొరికింది పట్టుకున్నాను, నాకు ఎప్పుడూ దొరికేది ఒకటే.

"తప్పమ్మా ఇది. తమ్ముడి ఒళ్ళు అక్క బట్ట మీద పడకూడదు. తీసెయ్."

"మాటొక్కటేనా అత్తయ్యా, మొత్తమా?"

"మొత్తం."

నిచ్చెన కిర్రుమంది. "ఏంటి తీసేది?" అంటూ డంకన్ దిగొచ్చాడు. "ఏడాది పైన పని! ఆయన అడిగి మరీ తీయించుకున్నాడు, నీకు చెప్పాడు కదా లోసేలీ, ఆవిడకి చెప్పు, నోరు విప్పు!"

"నువ్వూరుకో డంకన్. ఆవిడ మా మేనత్త."

"అయితే?"

"అయితే అంతే." చీకట్లో కంప్యూటర్ వెలుగు ఆ పిల్ల గడ్డం మీద పడుతోంది, ఆ గడ్డం అచ్చు వాడిదే. "సరే అత్తయ్యా. ఇంట్లో ఇంకో కాపీ ఉంది, వెళ్ళగానే అదీ చెరిపేస్తాను. మీరు బెంగపడకండి."

కుదరదు అను. లోపల నేను అరుస్తున్నాను, కుదరదను, నువ్వు ఆ రోజు లేవు కదా ముసలిదానా అను, మా నాన్న అడిగింది ఇది, నీ మర్యాద తీసుకెళ్ళి రేవులో పారెయ్ అను. ఒక్క మాట ఎదురు చెప్పు, చాలు, నేను తగ్గుతాను, అంతకంటే కోరుకున్నది నా బతుకులో ఇంకేం లేదు. మా పుట్టింటి వైపు యాభై ఏళ్ళుగా ఎవరూ నాకు ఎదురు చెప్పలేదు. ఆ పిల్లా చెప్పలేదు. మీటలు టకటకా నొక్కింది, పని నేర్పుగా చేసే పిల్ల. ముందు నా అరచేతుల మీంచి వాడి చేతులు పోయాయి, తర్వాత గుండె మీది ప్లాస్టరు, అన్నిటికంటే ఆఖర్న మూసుకున్న ఆ కళ్ళు. వద్దు ఆగమని నోరు తెరిచాను. అప్పుడే పెద్ద తలుపు జరిగి పగటి వెలుగు లోపలికి పడింది, తడి గొడుగులు దులుపుకుంటూ మావాళ్ళందరూ వచ్చేశారు, ముందు పాస్టరమ్మ. ఉత్త బట్టని కింద నుంచి పై దాకా చూసి, అర్థం చేసుకుని, దగ్గరికొచ్చి నా చెంప నిమిరింది.

"మాకు తెలుసు తల్లీ, నువ్వు మర్యాద తప్పవు. ఫెలేతి చల్లగా నిద్రపోతాడు" అంది.

చేతులు స్తంభాలకి కట్టి ఉన్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. లోసేలీ వచ్చి తన చేతిగుడ్డతో నా కళ్ళు తుడిచింది, మేనత్తకి చెయ్యాల్సిన పద్ధతిలో, తల వంచుకుని, నా మొహంలోకి చూడకుండా.